చలికాలములో ఊరచెరువు చేపల సంరక్షణ

(పంచాయతీ సభ్యులకు అధ్యయన పాఠము)

పుష్య మాసములో ఒకనాటి వేకువ. ఊరచెరువు కట్ట మీదికి వచ్చినవారికి నీటిపైన నోళ్లు తెరచి గుంపులు గుంపులుగా తేలుచున్న చేపలు కనబడినవి. మంచు విడునప్పటికి పెద్ద చేపలు అనేకము వెల్లకిల పడినవి. జనము పోగైనది. కొంతసేపటికి ఎవరి నోటి నుండియో "రాత్రి ఎవరో చెరువులో మందు కలిపారు" అను మాట వచ్చినది. మరికొంతసేపటికి ఆ "ఎవరో" అనువానికి పేరు కూడ వచ్చినది. చెరువును గుత్తకు తీసికొన్న మత్స్య సహకార సంఘమువారు ఒక ప్రక్క, చెరువు క్రింది ఆయకట్టు రైతులు ఒక ప్రక్క నిలిచి మాట మీద మాట పెంచుకొనిరి.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామములో మేము స్వయముగా చూచిన సంగతి ఇది. మధ్యాహ్నమునకు మత్స్యశాఖ ఉద్యోగి వచ్చి చెరువంతయు తిరిగి చూచెను. గట్టున కప్పలు గెంతుచునే ఉన్నవి. బురదలో కొర్రమీనులు బ్రతికియే ఉన్నవి. విషమే కలిసియుండిన యెడల ఇవి కూడ మిగిలియుండవని ఆయన అందరికిని చూపించెను. అసలు జరిగినది వేరు. యాసంగి వరి దమ్ములకు తూము ఎత్తుటచే చెరువులో నీరు మోకాలి లోతునకు దిగినది. మూడు దినములుగా మంచు పట్టి ఎండ కాయలేదు. మేత మాత్రము ఆశ్వయుజములో వేసినంతయు వేయుచునే ఉండిరి. చేపలు ఊపిరాడక చనిపోయినవి. సంఘమునకు కలిగిన నష్టము ఆ సంవత్సరముతో తీరినది. కాని ఆ ఉదయము తొందరపడి అన్న మాటలు మాత్రము ఉగాది వరకు రెండు వీధుల నడుమ నిలిచిపోయినవి.

ఈ పాఠములో మేము చెప్పదలచిన ముఖ్య విషయము ఒక్కటే. మన ప్రాంతములలో చలి తనంతట తాను చేపను చంపుట అరుదు. చలికి మందగించిన చేపను తగ్గిన నీరు, మిగిలిన మేత, పేరుకొన్న బురద, మానని గాయము ఇవన్నియు కలసి చంపును. ఈ నాలుగును మనుష్యుని చేతిలోని పనులు. వానిని సరిచూచుకొనుటకు తగిన కాలము చలి ముదిరిన పుష్యము కాదు, చలికి ముందు వచ్చు కార్తీకము.

చేపకు చలి ఏమి చేయును?

మనుష్యునికి, పశువునకు ఒంటిలో తమ వేడి తమకు ఉండును. చేపకు అట్లు కాదు. నీరు ఎంత చల్లగా ఉన్నదో చేప శరీరము ఇంచుమించు అంత చల్లగా ఉండును. మన చెరువులలో పెంచు బొచ్చె, రోహు, మృగాల చేపలు 25 నుండి 32 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల నీటిలో చురుకుగా తిని పెరుగును. నీటి వేడి 20 డిగ్రీలకు దిగినచో వాని ఆకలి తగ్గును, జీర్ణశక్తి మందగించును, పెరుగుదల దాదాపుగా నిలిచిపోవును. అంతకంటె ముఖ్యమైనది, రోగమును ఎదుర్కొను శక్తి సన్నగిల్లును. వేసవిలో నాలుగు దినములలో మానెడు గాయము చలికాలములో వారములు గడచినను మానదు.

చలి అన్ని ప్రాంతములలో ఒక్క తీరుగా ఉండదు. ఆదిలాబాదు ప్రాంతములోను, పాడేరు, చింతపల్లి మన్యములోను చలికాలపు రాత్రులలో గాలి వేడి 10 డిగ్రీలకు దిగువకు పడిపోవుట పరిపాటి. గోదావరి, కృష్ణా డెల్టాలలో అంతటి చలి లేదు. కాని అచ్చట మంచు, మబ్బు, తుపాను వానల తరువాతి చల్లని నీరు తమ పని తాము చేయును. కనుక మా ఊరిలో చలి తక్కువ అని డెల్టా గ్రామములవారు అశ్రద్ధ చేయరాదు.

నీటి లోతే చేపకు దుప్పటి

తక్కువ లోతుగల నీరు పగలు త్వరగా వేడెక్కును, రాత్రి త్వరగా చల్లబడును. ఈ హెచ్చుతగ్గులు చేపకు చలికంటె ఎక్కువ బాధ కలిగించును. ఐదారు అడుగుల లోతుగల నీరు నెమ్మదిగా చల్లబడును, అడుగున ఉన్న నీరు త్వరగా మారదు. చలి రాత్రులలో చేపలు లోతునకు దిగి కదలక ఉండుటకు కారణము ఇదియే. అందువలన చలి నెలలలో చేపలున్న చెరువున కనీసము కొంత భాగములోనైనను ఐదారు అడుగుల నీరు నిలువ ఉండునట్లు చూడవలెను.

ఇచ్చటనే అసలు చిక్కు ఉన్నది. చేపకు లోతు కావలసిన పుష్య మాఘములలోనే పైరునకు నీరు కావలసి వచ్చును. చెరువు మొదట సాగునీటి కొరకు పుట్టినది. ఆయకట్టు రైతు హక్కును ఎవరును కాదనలేరు. అట్లే గుత్త చెల్లించి, చేపపిల్లలను వదలి, కావలి కాచిన మత్స్యకారుని కష్టమును కాదనలేరు. ఈ ఇద్దరికిని నడుమ న్యాయము చెప్పవలసినది పంచాయతీయే. తగవు వచ్చిన తరువాత చెప్పు న్యాయముకంటె, తగవు రాకముందే చేసికొను ఒప్పందము మేలు.

అందుకు రెండు ఉపాయములు కలవు. మొదటిది, తూము దగ్గర అందరికి కనబడునట్లు అడుగుల గుర్తులు గల ఒక కొలత కర్రను పాతుట. నీరు ఏ గుర్తునకు దిగిన తరువాత తూము మూయవలెనో కార్తీకములోనే రైతులును మత్స్యకారులును కూర్చుండి నిర్ణయించుకొని, ఆ నిర్ణయమును పంచాయతీ తీర్మాన పుస్తకములో వ్రాయించుకొనవలెను. పెద్ద చెరువుల విషయములో నీటిపారుదల శాఖవారిని కూడ పిలువవలెను. రెండవది, వేసవిలో పూడిక తీయునప్పుడు చెరువు గర్భములో లోతైన చోట మరికొంత త్రవ్వి చేపలకు ఒక గుంట ఏర్పరచుట. తూము మట్టమునకు దిగువనున్న ఆ గుంటలోని నీరు పొలమునకు ఎటులను పారదు. అది చేపలకు నిలువ నీడ యగును. తెలంగాణలో 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ వంటి పూడికతీత పనులలో తీసిన మట్టి పొలములకు పోయినది, చెరువునకు లోతు వచ్చినది. ఆ లోతులో కొంత చేపకు వదలిపెట్టుట మన విజ్ఞత.

వేకువ వేళ ఊపిరి కరవు

చల్లని నీటిలో ప్రాణవాయువు ఎక్కువగా కరగును. 30 డిగ్రీల వేడిగల లీటరు నీటిలో సుమారు 7.5 మిల్లీగ్రాములు, 20 డిగ్రీల వేడిగల నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరగగలదు. అట్లయినచో చలికాలములో చేపకు ఊపిరి కరవు ఏల వచ్చునని సభ్యులు అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే.

చెరువు నీటికి ఆకుపచ్చ వన్నె తెచ్చు సూక్ష్మమైన నాచు పగటి ఎండలో ప్రాణవాయువును పుట్టించును. చెరువునకు వచ్చు ప్రాణవాయువులో పెద్ద భాగము ఇదియే. రాత్రి ఆ నాచు కూడ చేపలవలెనే ప్రాణవాయువును పీల్చుకొనును. మార్గశిరమున మాట్లాడ ప్రొద్దుండదని, పుష్యమున పూస గ్రుచ్చ ప్రొద్దుండదని మన పెద్దలు చెప్పుదురు. ప్రొద్దు తగ్గినకొలది నాచు సంపాదన తగ్గును, రాత్రి పొడిగినకొలది ఖర్చు పెరుగును. పైగా మంచు, మబ్బు పట్టినచో సంపాదన మరింత పడిపోవును. కొన్నిసార్లు నాచు ఒక్కుమ్మడిగా చచ్చి కుళ్లి, ఉన్న ప్రాణవాయువును కూడ తినివేయును. రాత్రి చల్లబడిన పైనీరు బరువెక్కి క్రిందికి దిగగా అడుగు నీరు పైకి లేచును. అడుగున బురద, కుళ్లిన మేత పేరుకొని ఉన్నచో వానిలోని చెడువాయువులు కూడ లేచి నీటిలో కలియును. ఇట్లు తెల్లవారుజామున, ప్రొద్దు పొడుచుటకు కొంచెము ముందు, చెరువులో ప్రాణవాయువు అతి తక్కువగా ఉండును. లీటరునకు 3 మిల్లీగ్రాములకు దిగినచో చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచును.

కనుక చెరువును మధ్యాహ్నము చూచిన చాలదు. మంచు పట్టిన దినములలో కావలివాడు వేకువన నాలుగు, ఆరు గంటల మధ్య ఒకసారి గట్టు చుట్టి రావలెను. కలువ, గుర్రపుడెక్క, తూడు వంటివి నీటిని కప్పివేసినచో ఎండ లోనికి దిగదు. వానిని చలికి ముందే తీయించవలెను.

మేత తగ్గించుట

చేప తినదగినంత వేసినది మేత, తినక మిగిలినది విషము. వెచ్చని నెలలలో చేపల మొత్తము బరువులో నూటికి రెండు మూడు వంతుల చొప్పున తవుడు, వేరుశనగ చెక్క కలిపి వేయుట వాడుక. నీరు చల్లబడినకొలది దీనిని సగమునకు, అంతకు తక్కువకు తగ్గించవలెను. మంచు విడువని దినమున, చేపలు నోళ్లు తెరచిన దినమున మేత పూర్తిగా మానవలెను. ఒకటి రెండు దినములు మేత లేకున్నను చలికాలములో చేపకు నష్టము లేదు.

వేకువన మేత వేయు అలవాటు చలికాలమునకు పనికిరాదు. ఎండ ఎక్కి నీరు కొంత వెచ్చబడిన తరువాత, పది పదకొండు గంటల నడుమ వేయవలెను. కొల్లేరు పరిసరములలోని రైతులు మేతను రంధ్రములు చేసిన సంచులలో నింపి నీటిలో పాతిన వెదురు కర్రలకు వ్రేలాడగట్టుదురు. ఈ పద్ధతి వలన గొప్ప మేలొకటి కలదు. రెండు మూడు గంటల తరువాత సంచి పైకి తీసి చూచినచో ఎంత తిన్నవో, ఎంత మిగిలెనో కంటికి కనబడును. మిగిలినచో మరునాడు అంత తగ్గించవచ్చును. గంపతో గట్టుమీది నుండి చల్లినచో ఈ లెక్క తెలియదు.

పచ్చి పేడ, కోళ్ల ఎరువు విషయము కూడ ఇంతియే. చల్లని నీటిలో అవి త్వరగా మురిగి కలియవు. అడుగున పేరుకొని మాఘ మాసము చివర నీరు వేడెక్కగానే ఒక్కసారిగా కుళ్లును. కనుక చలి నెలలలో వీనిని వేయరాదు.

సున్నము

చెరువునకు సున్నము మందు, మేలైన మందు. కాని కొలత తప్పిన మందు కీడు చేయును. సున్నము బురద పులుపును విరుచును, నీటికి నిలకడ ఇచ్చును, రోగక్రిములకు చోటు తగ్గించును. తుపాను వానలు కురిసి కొత్తనీరు చేరిన తరువాత, చలి ఆరంభమగుటకు ముందు సున్నము వేయుట మంచిది.

ముందుగా నీటిని పరీక్ష చేయించవలెను. నీటి పులుపును, క్షారమును తెలుపు పి.హెచ్. అను అంకె 7.5 నుండి 8.5 వరకు ఉన్నచో చేపకు హాయి. 7.5కు తక్కువ ఉన్నచో ఎకరమునకు 40, 50 కిలోల సున్నముతో ఆరంభించి, వారము తరువాత మరల పరీక్షించి అవసరమైనచో ఇంకొకమారు వేయవచ్చును. 8.5 దాటినచో సున్నము వేయనే కూడదు. క్షారము పెరిగినకొలది నీటిలోని అమ్మోనియా విషము చేపకు మరింత తీవ్రముగా తగులును.

రాతి సున్నమును ముందునాడే పీపాలో నీరు పోసి తడిపి చల్లారనిచ్చి, మరునాడు ఎండ వచ్చిన తరువాత చెరువంతయు సమముగా చల్లవలెను. నీరు తగిలినపుడు అది కాగి ఎగయును. కళ్లకు, చేతులకు తగులకుండ జాగ్రత్త పడవలెను. పిల్లలను దగ్గరకు రానీయరాదు. వంద ఎకరముల చెరువునకు సున్నము చల్లుట ఏ సంఘమునకైనను తలకు మించిన ఖర్చు. పెద్ద చెరువులకు నీటి లోతు, శుభ్రతలే రక్ష. సున్నము వైద్యము చిన్న చెరువులకు, పెంపకపు గుంటలకు తగినది.

ఎర్ర మచ్చలు, పుండ్లు

చలికాలపు రోగములలో ఎక్కువగా భయపెట్టునది పుండ్ల వ్యాధి. శాస్త్రజ్ఞులు దీనిని ఎపిజూటిక్ అల్సరేటివ్ సిండ్రోమ్ అందురు. 1971లో జపానులోను, 1972లో ఆస్ట్రేలియాలోను కనబడిన ఈ వ్యాధి 1988లో మన దేశపు ఈశాన్య రాష్ట్రములలో ప్రవేశించి, కొన్ని సంవత్సరములలో దక్షిణ రాష్ట్రముల వరకు వ్యాపించినది. అఫనోమైసిస్ అను బూజు జాతి సూక్ష్మజీవి దీనికి మూలము. భారీ వానల తరువాత నీరు 18 నుండి 22 డిగ్రీలకు చల్లబడినపుడు ఇది విజృంభించును. చేప ఒంటిమీది జిగురు పొరకు, పొలుసులకు దెబ్బ తగిలిన చోట ఇది లోనికి చొచ్చును.

మొదట చర్మముపై ఎర్రని మచ్చ కనబడును. పొలుసు ఊడును. తరువాత పుండై కండలోనికి దిగును. కొర్రమీను, పరక వంటి చేపలు ముందుగా దీనికి గురియగును. కనుక మడుగులలో, కాలువలలో పరకలకు మచ్చలు కనబడినపుడే చెరువు పెంపకందారు మేలుకొనవలెను. బొచ్చె, మృగాల వంటి పెంపకపు చేపలలో చిన్నపిల్లలకు ప్రమాదము ఎక్కువ. బంగారుతీగకు ఈ వ్యాధి సాధారణముగా సోకదు.

వ్యాధి వచ్చిన తరువాతి వైద్యముకంటె ముందుజాగ్రత్త చౌక. భువనేశ్వరము దగ్గరి కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి చేపల పెంపక పరిశోధనాసంస్థవారు ఈ వ్యాధికి సిఫాక్స్ అను మందును తయారుచేసిరి. హెక్టారు విస్తీర్ణము, ఒక మీటరు లోతుగల నీటికి ఒక లీటరు దాని మోతాదు. అయినను ఏ మందునైనను మత్స్యశాఖ అధికారి చూచి చెప్పిన తరువాతనే వాడవలెను. పొలము పురుగుమందులను చెరువులో కలుపుట, పశువుల మందులను మేతలో కలుపుట చేయరాదు.

ఈ వ్యాధి వచ్చినదన్న వార్త పుట్టగానే జనము చేప తినుట మానివేయుటయు, అంగడిలో ధర పడిపోవుటయు జరుగుచుండును. సభ్యులు ఈ విషయములో ప్రజలకు నిజము చెప్పవలెను. ఈ బూజు మనుష్యులకు సోకదు. కాని పుండుపడిన చేపలో ఇతర క్రిములు చేరి యుండును గనుక దానిని తినరాదు, అమ్మరాదు, సున్నము వేసి పూడ్చివేయవలెను. ఆరోగ్యముగానున్న చేపను బాగుగా ఉడికించి తినుటకు సందేహింపనక్కరలేదు.

చేప పేను, వల గాయములు

పుండునకు ద్వారము గాయము. గాయమునకు రెండు ముఖ్య కారణములు. ఒకటి చేప పేను. బియ్యపు గింజంత, బల్లపరుపుగా, మనవైపు వెలుగు దూరునట్లుండు ఈ పురుగు రోహు చేపలకు ఎక్కువగా పట్టును. అది కుట్టుచుండగా చేప కర్రలకు, రాళ్లకు ఒళ్లు రాచుకొనును, నీటిపైకి ఎగిరి పడును. పేను తన గ్రుడ్లను నీటిలోని గట్టి వస్తువులకు అంటించును. ఈ అలవాటే మనకు ఉపాయము చూపినది. చెరువులో అక్కడక్కడ వెదురు బద్దలను పాతి, కొద్ది దినముల కొకసారి వానిని తీసి ఎండలో ఎండబెట్టినచో అంటుకొన్న గ్రుడ్లు చచ్చును. ఖర్చు లేని వైద్యమిది.

రెండవ కారణము మన వల. చలి నెలలలో చెరువంతయు లాగుడు వల తిప్పరాదు. చేపల స్థితి చూడవలెనన్నచో ఎండ వేళ విసురు వలతో పది చేపలను పట్టి, మొప్పలు, ఒళ్లు పరీక్షించి వెంటనే వదలవలెను. ఒక చెరువు వలను మరొక చెరువున వేయుటకు ముందు కడిగి ఎండలో బాగుగా ఎండబెట్టవలెను. తడివల రోగమునకు బండి వంటిది. చలికి ముందు వదలు పిల్లలను 100 లీటర్ల నీటిలో 2 కిలోల ఉప్పు కరగించి అందులో ఒకటి రెండు నిమిషములు ఉంచి వదలినచో ఒంటిమీది క్రిములు చాల వరకు తొలగును. పిల్ల తల్లడిల్లినచో వెంటనే తీయవలెను.

చేపలు తేలిన ఉదయమున

అన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఒకనాడు చేపలు తేలవచ్చును. అప్పుడు మేత ఆపవలెను. కాలువ నీరు అందుబాటులో ఉన్నచో వెంటనే పెట్టవలెను. లేనియెడల ఇంజనుతో చెరువు నీటినే తోడి ఎత్తు నుండి మరల చెరువులోనికి చిమ్మించవలెను. తెప్పలు తిప్పి, కర్రలతో నీటిని చిలికినను కొంత ఉపశమనము కలుగును. వలలు దింపి చేపలను బెదరించరాదు. చచ్చినవానిని ఏరి చెరువునకు దూరముగా పూడ్చవలెను.

ఇక విషమా, ఊపిరి కరవా అను సందేహము. ఈ గుర్తులను పంచాయతీ సభ్యులందరు తెలిసికొని ఉండవలెను. ఊపిరి కరవు వేకువ వేళ వచ్చును. పెద్ద చేపలు ముందుగా చచ్చును. ఎండ ఎక్కినకొలది బ్రతికినవి తేరుకొనును. గాలిని నేరుగా పీల్చగల కొర్రమీను, మార్పు, ఇంగిలాయి బ్రతికియుండును. విషమైనచో వేళాపాళా లేదు. చిన్న చేపలు ముందుగా చచ్చును. కప్పలు, నీటి పురుగులు, కొర్రమీనులు కూడ చచ్చును. ఈ గుర్తులు తీర్పు కావు, తీర్పునకు తొందరపడకుండుటకు ఉపయోగించునవి. విషమని అనుమానము కలిగినచో శుభ్రమైన సీసాలో చెరువు నీటిని, కొనప్రాణముతోనున్న చేపను మంచు గడ్డలలో ఉంచి మత్స్యశాఖవారికి అందజేయవలెను. కుళ్లిన చేప పరీక్షకు పనికిరాదు. చెరువులో మందు డబ్బాలు కడుగుట, పిచికారీ యంత్రములు ముంచుట వలన అనుకోకుండ విషము కలియవచ్చును. దీనిని ఊరిలో చాటింపు వేయించి మాన్పించవలెను.

నెలవారీ పనులు

ఆశ్వయుజ, కార్తీకములలో కలుపు తీయుట, నీటి పరీక్ష, సున్నము, తూము ఒప్పందము, కొలత కర్ర.

మార్గశిర, పుష్యములలో మేత తగ్గించుట, పేడ మానుట, వేకువ కావలి, వెదురు బద్దలు ఎండబెట్టుట.

మాఘములో నీరు వేడెక్కినకొలది మేతను మెల్లమెల్లగా పెంచుట, చేపల ఒళ్లు పరీక్షించుట, అమ్మదగిన చేపలను పట్టించి చెరువులో బరువు తగ్గించుట.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన చెరువులో పుష్య మాసమున అతి లోతైన చోట ఎన్ని అడుగుల నీరుండును? దానిని ఎవరైనను కొలిచినారా?

2. తూము మూయవలసిన మట్టమును గూర్చి రైతులకు, మత్స్యకారులకు వ్రాతపూర్వకమైన ఒప్పందము కలదా?

3. వేకువన చెరువు చూచు బాధ్యత ఎవరిది? చేపలు తేలినచో ఆయన మొదట ఎవరికి తెలుపవలెను?

4. మన మండలములోని మత్స్యశాఖ అధికారి పేరు, ఫోను సంఖ్య పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాసి ఉన్నవా?

5. పురుగుమందు డబ్బాలు చెరువులో కడుగకుండ ఏమి ఏర్పాటు చేయగలము?

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేర్చిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. వానిలో మత్స్య పరిశ్రమ ఐదవది. కాగితము మీది ఆ అధికారము ఊరచెరువు గట్టున కొలత కర్రగా, తీర్మాన పుస్తకములో ఒక్క పంక్తిగా, వేకువ చలిలో గట్టు చుట్టివచ్చు కావలివానిగా మారినపుడే దానికి సార్థకత. ఈ కార్తీకములో పంచాయతీ ఒక పూట కూర్చున్నచో పుష్యములో చేపలు నిలుచును. అంతకంటె ముఖ్యముగా ఊరి పొత్తు నిలుచును.